నీ కింద ఎంతమంది?

పోయిన ఆదివారం రాత్రి మా అక్క కొడుకు ఫోన్ చేశాడు. ఈ ఏడాది జూన్‌లో డెహ్రాడూన్‌లోని ఐఎంఏ (ఇండియన్ మిలిటరీ అకాడమీ) నుంచి లెఫ్టినెంట్‌గా బయటికొచ్చి, ఒక ఆర్టిలరీ (ఫిరంగి దళం) రెజిమెంట్‌లో చేరాడు. వాడి ఫోన్ వచ్చిందంటే మా ఇంట్లో పండగే. ఆ రోజు మాత్రం వాడి గొంతులో హుషారు లేదు.

"మావయ్యా, నాలుగు నెలలైంది. పొద్దున్న గన్ తుడవడం, తర్వాత గన్ డ్రిల్, సాయంత్రం ఆటలు. జవాన్ల మధ్య ఒకడిగా నిలబెట్టి షెల్స్ మోయిస్తున్నారు. నాకు పని ఎప్పుడిస్తారంటే 'వస్తుంది, ఆగు' అంటున్నారు. భుజమ్మీద రెండు స్టార్లు పెట్టుకుని ఇంకా ఎన్నాళ్లు ఆగాలి?"

బ్యాటరీలో, అంటే ఆరు ఫిరంగుల జట్టులో, గన్నుల వెనక గన్ పొజిషన్ ఆఫీసర్‌గా నిలబడి ఫైర్ ఆర్డర్ ఇవ్వాలని వాడి తహతహ. దేవ్‌లాలీలో యంగ్ ఆఫీసర్స్ కోర్సుకి ఇంకా పిలుపు రాలేదు. తనతో పాసైన ఒకడికి అప్పుడే ఏదో బాధ్యత అప్పగించారట. దాంతో వీడికి నిద్ర పట్టడం లేదు. ఫోన్లో పది నిమిషాలు మాట్లాడాను కానీ, నేను చెప్పాల్సింది పది నిమిషాల్లో అయ్యేది కాదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. వాడు చదువుతాడు. వాడిలాంటి పిల్లలు మన జిల్లాల్లో ఇంకా చాలామంది ఉన్నారు, వాళ్లూ చదువుతారని ఆశ.

నేను 2012 సెప్టెంబర్‌లో చెన్నై ఓటీఏ (ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీ) నుంచి పాసయ్యాను. షార్ట్ సర్వీస్ కమిషన్, అంటే పదేళ్ల ఉద్యోగం. 49 వారాల ట్రైనింగ్‌లో ప్రతి ఎక్సర్‌సైజ్‌లోనూ ఎవడో ఒకణ్ణి లేపి "ఇప్పుడు నువ్వు ప్లటూన్ కమాండర్‌వి, ఆర్డర్స్ ఇవ్వు" అనేవారు. దాన్ని అపాయింట్‌మెంట్ అంటారు. అర్ధరాత్రి వర్షంలో, మోకాళ్ల లోతు బురదలో అపాయింట్‌మెంట్ వస్తే గుండె దడదడలాడేది, కానీ ఒంట్లోకి ఎక్కడ్లేని బలమూ వచ్చేది. దాంతో బయటికెళ్లగానే నిజంగా ఒక ప్లటూన్‌ని, అంటే ముప్పై మంది జవాన్లని, నా చేతిలో పెడతారని నాకు నేనే అనేసుకున్నాను.

పరమేశ్వరన్ డ్రిల్ స్క్వేర్‌లో పరేడ్ అయ్యాక అమ్మా నాన్నా నా భుజాలకి స్టార్లు పెట్టారు. నాన్న రైల్వేలో గ్యాంగ్‌మేన్‌గా చేరి, అప్పటికి మేట్, అంటే గ్యాంగ్‌కి పెద్ద, అయ్యాడు. విజయనగరం - బొబ్బిలి లైన్లో ఎండనకా వాననకా పట్టాల వెంట నడిచిన మనిషి. స్టార్ గుచ్చుతుంటే ఆయన వేళ్లు వణికాయి. ఆ తర్వాత నన్ను పక్కకి లాగి అడిగిన మొదటి మాట ఇది:

"ఏరా, ఇప్పుడు నీ కింద ఎంతమందుంటార్రా?"

"ముప్పై మంది నాన్నా" అన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. ఆయన గ్యాంగ్‌లో అంతమంది ఉండరు మరి. ఊరెళ్లాక ఆ ముప్పై మంది సంగతి గజపతినగరం స్టేషన్ దాకా తెలిసిపోయింది.

నాకు గోర్ఖా రైఫిల్స్‌లో ఒక బెటాలియన్ వచ్చింది. బెటాలియన్ అప్పుడు ఉత్తర సిక్కింలో ఉంది. న్యూ జల్‌పాయ్‌గురిలో రైలు దిగి, తీస్తా నది వెంబడి ఆర్మీ బండిలో గ్యాంగ్‌టాక్‌కి, అక్కణ్ణుంచి పైకి. 2011 సెప్టెంబర్ 18న వచ్చిన భూకంపం దెబ్బ నుంచి ఆ కొండలు ఇంకా తేరుకోలేదు. మలుపు మలుపుకీ రోడ్డు మీద రాళ్లు, పక్కన బోర్డర్ రోడ్స్ వాళ్ల జేసీబీలు. ఎప్పుడెప్పుడు చేరతానా అని నేను ఊగిపోతుంటే, దారిలో ఆరు రోజులు ఆపేశారు. ఎత్తుకి ఒళ్లు అలవాటు పడాలి. 9 వేల అడుగుల పైన ఆరు రోజులు, 12 వేలు దాటితే ఇంకో నాలుగు, 15 వేలు దాటితే మరో నాలుగు. మొదటి రెండు రోజులు మంచం మీదే విశ్రాంతి. జనరల్ అయినా, జవాన్ అయినా ఆ లెక్క మారదు. ఒంట్లో రక్తం తయారయ్యే దాకా కొండ ఎవర్నీ పైకి రానివ్వదు. అప్పుడది నాకు ఒట్టి ఆలస్యంలా కనిపించింది.

బెటాలియన్‌కి పెద్ద అయిన కమాండింగ్ ఆఫీసర్ నన్ను మొదటిసారి పిలిచినప్పుడు ట్రైనింగ్ గురించి ఒక్క ప్రశ్న వెయ్యలేదు.

"గోర్ఖాలీ వచ్చా?" గోర్ఖాలీ అంటే నేపాలీయే, మా జవాన్ల భాష.

"రాదు సార్."

"మరి వాళ్లతో ఏ భాషలో మాట్లాడతావు?"

నేను నోరు మెదపలేదు. ఆయన నెమ్మదిగానే చెప్పారు. "ఆరు వారాలు జవాన్ల బ్యారక్‌లో ఉండు. వాళ్లతో తిను, వాళ్లతో పడుకో, రాత్రి సెంట్రీ చెయ్యి. నీకు నేను పని చెప్పను. నువ్వు ఎవరికీ పని చెప్పకు."

బయటికొచ్చి గోర్ఖా టోపీ తీసి చేత్తో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. ఆ వారం నాన్న ఫోన్లో మళ్లీ అడిగాడు. "ఇప్పుడు ట్రైనింగ్ ఇస్తన్నారు నాన్నా" అని మాట దాటేశాను.

సైన్యం లోపలి అమరిక తెలియనివాళ్లకి ఇక్కడ కొంచెం చెప్పాలి. పదాతి దళంలో పదిమంది ఒక సెక్షన్. దానికి పెద్ద హవల్దారో, నాయక్ ర్యాంకు వాడో. మూడు సెక్షన్లు ఒక ప్లటూన్. మూడు ప్లటూన్లు ఒక కంపెనీ, దానికి మేజర్ స్థాయి ఆఫీసర్. నాలుగు రైఫిల్ కంపెనీలు, హెడ్‌క్వార్టర్స్, సపోర్ట్ కంపెనీ కలిస్తే బెటాలియన్. కొత్త లెఫ్టినెంట్ వచ్చీరాగానే ప్లటూన్ తీసుకుంటాడని జనం అనుకుంటారు. మన దగ్గర ప్లటూన్లు ఎక్కువగా జేసీవోల (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్ల) చేతుల్లోనే ఉంటాయి. నాయబ్ సుబేదార్, సుబేదార్ అంటే సిపాయిగా చేరి, ఇరవై ఏళ్లు ఒక్కో మెట్టూ ఎక్కి వచ్చినవాళ్లు. అంటే ఆ ప్లటూన్‌కి ఒక పెద్ద అప్పటికే ఉన్నాడు. పైన కంపెనీకి ఇంకో పెద్ద ఉన్నాడు. ఇద్దరి మధ్యా కొత్త లెఫ్టినెంట్ నిలబడతాడు. అందరూ సెల్యూట్ కొడతారు, సాబ్ అంటారు. కానీ "వీళ్లు నావాళ్లు" అని వేలెత్తి చూపించడానికి ఒక్కడూ ఉండడు. మా మేనల్లుడి బాధంతా అదే. గన్నులు వేరు, రైఫిళ్లు వేరు, బాధ మాత్రం ఒక్కటే.

బ్యారక్‌లో నా మంచం బుఖారీకి దూరంగా, తలుపు పక్కన. కిరోసిన్‌తో మండే ఆ పొయ్యి దగ్గర చోటు సీనియారిటీ ప్రకారం. రాత్రి రెండు నుంచి నాలుగు దాకా సెంట్రీ. పొద్దున్నే రైఫిల్ విప్పి తుడవడం. లంగర్ (జవాన్ల వంటశాల) దగ్గర క్యూలో పళ్లెం పట్టుకుని నిలబడితే దాల్, భాత్, ఒక్కోరోజు గుంద్రుక్. గుంద్రుక్ అంటే ఆకుకూరని పులియబెట్టి ఎండబెట్టింది. మొదటి రోజు ఆ వాసనకే లేచిపోయాను, నెల తిరిగేసరికి అడిగి వేయించుకున్నాను. అమ్మ పంపిన ఆవకాయ జాడీ రెండు రోజుల్లో ఖాళీ అయింది. దానికి బదులు వాళ్లు నాకు డల్లే ఖుర్సానీ ఇచ్చారు. చెర్రీ పండులా గుండ్రంగా ఉండే మిరపకాయ. మన మిరపకాయలు తిని పెరిగిన నాకే కళ్లలోంచి ధారగా కారాయి.

అన్నిటికంటే కష్టమైంది పేర్లు. కంపెనీలో థాపాలు, రాణాలు, గురుంగ్‌లు, పున్‌లు. ఒక్క సెక్షన్‌లోనే ముగ్గురు థాపాలు, అందులో ఇద్దరికి అసలు పేరూ ఒక్కటే. అందుకని వాళ్లు ఒకర్నొకరు ఆర్మీ నంబర్‌లో చివరి అంకెలతో పిలుచుకుంటారు. 47వ నంబర్ వాడు సత్‌చాలిస్. 81 అయితే ఏకాసీ. 63 త్రిసట్ఠి. మా ఊళ్లో నలుగురు పైడిరాజులుంటే నూతి కాడ పైడిరాజు, మిల్లు పైడిరాజు అని పిలుచుకున్నట్టే. గోర్ఖాలీలో వంద దాకా అంకెలు నోటికి రావాలి, లేకపోతే మనిషిని పిలవలేను. సెంట్రీలో నిలబడి, పైకి కనపడకుండా వేళ్లు మడుస్తూ ఒకటి నుంచి వంద వల్లెవేసేవాణ్ణి.

ప్లటూన్ సుబేదార్ సాబ్ నా దగ్గర చిన్న నోట్‌బుక్ చూసి అడిగారు, అందులో ఏం రాస్తున్నారని. నంబరు, పేరు, ఊరు, బ్లడ్ గ్రూప్ అని చూపించాను. ఆయన చదివి, "ఇంకో గడి గీయండి సాబ్. బస్సు దిగాక ఇంటికి ఎన్ని రోజుల నడక అని" అన్నారు. ఎందుకో అర్థం కాలేదు. "సెలవు ఎన్నాళ్లివ్వాలో దాన్నిబట్టే కదా తెలిసేది. ఇరవై రోజుల సెలవులో ఆరు రోజులు దారికే పోతే వాడు తల్లిని ఎన్నాళ్లు చూస్తాడు?" ఆ సాయంత్రం నుంచి ఒక్కొక్కర్నీ అడగడం మొదలుపెట్టాను. కొందరికి రెండు గంటలు, కొందరికి ఒక పూట, ఒకడికి రెండు రోజులు. ఎన్ని రోజుల నడక అని అడిగితే చాలు, నోరు విప్పని కుర్రాడు కూడా దారంతా వర్ణించేవాడు. ఎక్కడ వాగు దాటాలి, ఎక్కడ టీ కొట్టు, ఏ మలుపు తిరిగితే ఇంటి కప్పు కనబడుతుంది. ఆ నోట్‌బుక్ ఇప్పటికీ నా దగ్గర ఉంది. నీళ్లు పడి సగం పేజీలు అతుక్కుపోయాయి.

ఆ మధ్యలోనే దసరా వచ్చింది. వాళ్లకి దశైఁ. మొదటిరోజు మట్టిలో బార్లీ గింజలు చల్లి, చీకటి మూల పెట్టారు. తొమ్మిది రోజుల్లో అవి పసుప్పచ్చగా, జానెడు మొలకలయ్యాయి. దాన్ని జమరా అంటారు. చూడగానే మన పెళ్లిళ్లలో పాలికల్లో పోసే నవధాన్యాలు గుర్తొచ్చాయి. విజయదశమి నాడు పెద్దవాళ్లు చిన్నవాళ్లకి టీకా పెడతారు. అక్షతలు, పెరుగు, ఎర్ర రంగు కలిపిన ముద్ద. సుబేదార్ మేజర్ సాబ్ నా నుదుటి నిండా పెట్టి, చెవి వెనక జమరా దోపి, రెండు చేతులూ తలమీద ఆనించి ఏదో దీవెన చదివారు. అంతకు ముందురోజు నాకు సెల్యూట్ చేసిన చెయ్యి అది. పై మంగళవారం మా ఊరివాళ్లందరూ విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను చూడ్డానికి వెళ్తారు. పుట్టి బుద్ధెరిగాక నేను లేని మొదటి సిరిమాను అదే. అయినా ఆ రోజు ఒంటరిగా అనిపించలేదు.

కానీ రాత్రిళ్లు వేరు. నాతో పాసైన ఒకడు కాశ్మీర్ నుంచి ఫోన్ చేసి, నిన్న రాత్రి అంబుష్‌కి (మాటు వేయడానికి) తన పార్టీని తనే తీసుకెళ్లానని చెప్పాడు. "సూపర్ రా" అన్నాను. ఫోన్ పెట్టేశాక తెల్లారేదాకా కళ్లు మూతపడలేదు. నేనేమో కిరోసిన్ డబ్బాలు, జెరికాన్లు లెక్కపెడుతున్నాను.

నిజంగానే జెరికాన్లు. మంచు పడి దారులు మూసుకుపోయేలోగా ప్రతి పోస్టుకీ చలికాలానికి సరిపడా కిరోసిన్, బియ్యం, పప్పు, టిన్నులు చేర్చాలి. కంచరగాడిదల మీదా, మనుషుల వీపు మీదా వెళ్తాయి. ఆ లెక్క చూసే పని అందరికంటే చిన్న ఆఫీసర్‌కి అంటగడతారు. నేను రిజిస్టర్ పట్టుకుని ఒకటి, రెండు అని టిక్కులు పెడుతుంటే సుబేదార్ సాబ్ వచ్చి పక్కన నిలబడ్డారు. "లెక్కపెట్టకండి సాబ్. ఎత్తి చూడండి." ఎత్తాను. మొదటి వరసలో అన్నీ బరువుగానే ఉన్నాయి. మూడో వరసలో ఒకటి చేతికి తేలిగ్గా వచ్చేసింది. అడుగున చిన్న చిల్లి. సగం దారిలోనే కారిపోయింది. అది కనిపెట్టకపోతే జనవరిలో ఒక పోస్టులో ఒక బుఖారీ ఎన్నో రాత్రులు ఆరిపోయి ఉండేది. ఆ రోజు రాత్రయ్యేదాకా అన్నీ ఎత్తాను. పొద్దున్న లేస్తే చేతులు పైకి లేవలేదు.

నవంబర్ చివర్లో జరిగింది మాత్రం ఇన్నేళ్లలో ఎక్కువమందికి చెప్పలేదు.

ఒక ప్యాట్రోల్‌కి, అంటే గస్తీకి, నన్ను పంపారు. కమాండర్‌గా కాదు. ఎనిమిది మందిలో ఏడోవాడిగా. ప్యాట్రోల్‌ని నడిపేది హవల్దార్, మా ఏకాసీ. ఎత్తుకి అలవాటు పడే మూడు దశలూ పూర్తయి, పై పోస్టుకి చేరి వారం. ఆ తెల్లవారుజామునే నాకు తలనొప్పి మొదలైంది. నాలుగింటికి షెల్టర్ వెనక్కి వెళ్లి వాంతి చేసుకుని, దాని మీద బూటుతో మంచు కప్పేశాను. మొట్టమొదటి ప్యాట్రోల్. తలనొప్పి అని చెప్పి ఎలా ఆగిపోతాను? "మద్రాసీ సాబ్‌కి పడలేదు" అంటారని భయం.

గంటన్నర నడిచాం. నా కళ్ల ముందు, ముందువాడి వీపు తప్ప ఏమీ కనబడటం లేదు. ఒకచోట ఆగినప్పుడు బూటు లేసు ఊడింది. వంగి కడుతున్నాను. ఎంతసేపు కట్టానో నాకు తెలీదు. తల ఎత్తేసరికి ఏకాసీ నా ముందు మోకాలి మీద కూర్చుని నా వేళ్ల వైపే చూస్తున్నాడు.

"సాబ్, టౌకో దుఖ్యో?" తల నొప్పిగా ఉందా అని.

"ఛైన" అన్నాను. లేదు.

అతను ఇంకేమీ అడగలేదు. లేచి, చేతికర్రతో మంచులో తిన్నగా ఒక గీత గీశాడు. దాని మీద ఒక మడమ ముందు ఇంకో మడమ ఆనించి నడవమన్నాడు. మాటలో మర్యాద ఇసుమంత తగ్గలేదు, కానీ అది అడగడం కాదు. ఒకటి, రెండు, మూడు. నాలుగో అడుగు గాల్లో ఉండగానే భూమి ఎడమ పక్కకి లేచినట్టయి పడిపోయాను.

"ఫర్కౌఁ" అన్నాడు ఏకాసీ. వెనక్కి పోదాం.

నా ప్యాక్ ఒకడు, రైఫిల్ ఒకడు, మ్యాగజైన్లు ఒకడు పంచుకున్నారు. ఎవరూ ముఖం చిట్లించలేదు, ఎవరూ జాలిగానూ చూడలేదు. ప్యాట్రోల్ వెళ్లాల్సిన రిడ్జ్ (కొండ గట్టు) అక్కడే, ఎదురుగా, ఇంకో గంట దూరంలో ఉంది. దాన్ని వదిలేసి ఎనిమిది మందీ తిరిగొచ్చారు. పోస్టులో నాకు ఆక్సిజన్ పెట్టి, ఆ మధ్యాహ్నమే కిందికి దించారు. మెదడుకి నీరు పట్టడం మొదలైందని, ఇంకో నాలుగైదు గంటలు ఎక్కి ఉంటే కథ వేరేగా ఉండేదని డాక్టర్ చెప్పాడు.

నన్ను స్ట్రెచర్ మీద కట్టేముందు రేడియో సెట్‌లో కమాండింగ్ ఆఫీసర్ గొంతు వినిపించింది. ప్యాట్రోల్ సగంలో ఎందుకు తిరిగింది, ఎవరు తిప్పారు అని. ఏకాసీ సెట్ అందుకున్నాడు. నా పేరు ఎత్తలేదు, నేను దాచిన సంగతి ఎత్తలేదు.

"మైలే ఫర్కాఏకో, సాబ్." నేనే తిప్పాను.

మూడో రోజు కమాండింగ్ ఆఫీసర్ మెడికల్ రూమ్‌కి వచ్చారు. తిట్టలేదు. స్టూల్ మీద కూర్చుని, "వాంతి ఎన్నింటికి అయింది?" అని మాత్రం అడిగారు. నాలుగింటికి అన్నాను. ఆయన వాచీ చూసుకున్నట్టు మణికట్టు వైపు చూసి, "ప్యాట్రోల్ బయలుదేరింది ఆరింటికి" అన్నారు. ఆ రెండు గంటల గురించి ఇంకొక్క మాట మాట్లాడలేదు. తిట్టి ఉంటే ఇంత గుర్తుండేది కాదేమో.

2013 మొదట్లో మౌలోని ఇన్‌ఫాంట్రీ స్కూల్‌కి యంగ్ ఆఫీసర్స్ కోర్సుకి వెళ్లాను. ఆయుధాలు, వ్యూహాలు, ఎండ. అక్కడ అందరం ఒకే ఈడువాళ్లం, అందరిదీ ఒకటే గోల, "నీకేమిచ్చారు, నాకేమిచ్చారు". తిరిగొచ్చేసరికి మా ఘాతక్ ప్లటూన్ ఖాళీగా ఉంది. బెటాలియన్‌లోకెల్లా దిట్టమైన ఇరవై మంది, దాన్ని కుర్ర ఆఫీసర్‌కే ఇస్తారు. నాకే అనుకున్నాను. నాకంటే ఆరు నెలలు సీనియర్‌కి ఇచ్చారు. న్యాయంగా చూస్తే అతనికే రావాలి. బెల్గాంలో కమాండో కోర్సు చేసొచ్చాడు. అది తెలిసినా, ఆ రాత్రి అన్నం సయించలేదు. మర్నాడు మెస్‌లో అతని చెయ్యి పట్టుకుని అభినందించాను. మనస్ఫూర్తిగా అనడానికి నాకు ఇంకో వారం పట్టింది. మా మేనల్లుడికి ఈ ముక్క చెప్పాలి. అసూయ కలిగినందుకు సిగ్గుపడక్కర్లేదు, దాన్ని ముఖంలోకి రానివ్వకుండా ఆ వారం గడిపితే చాలు.

చివరికి అక్టోబర్ నెలాఖర్లో, ఎవరూ చెప్పాపెట్టకుండా వచ్చింది. పై పోస్టు కమాండర్‌గా ఉన్న కెప్టెన్ సెలవు మీద వెళ్తున్నాడు. 28 రోజులు. కమాండింగ్ ఆఫీసర్ తరఫున పనులు చూసే అడ్జుటెంట్ పిలిచి, "నువ్వు వెళ్లు" అన్నాడు. అంతే. ఏ వేడుకా లేదు. స్టార్లు పెట్టుకున్న రోజు నుంచి పదమూడు నెలలు.

పోస్టులో నేను కాక పంతొమ్మిది మంది. అప్పగింతల రిజిస్టర్‌లో సంతకం పెట్టేముందు స్టోర్‌కి వెళ్లి జెరికాన్లు ఒక్కోటీ ఎత్తి చూశాను. పక్కన నిలబడింది అదే సుబేదార్ సాబ్. ఏమీ అనలేదు. చివరిది దించాక తనే ముందుకొచ్చి రిజిస్టర్ తెరిచి పట్టుకున్నారు.

ఆరో రోజున ప్యాట్రోల్. ఈసారి ఎనిమిది మందికీ ముందు నేను. అదే రిడ్జ్. మధ్యలో ఆగినప్పుడు త్రిసట్ఠి వైపు చూశాను. ఇరవై ఏళ్ల కుర్రాడు, ఈ ఎత్తులో వాడికి అది మొదటి చలికాలం. ఎప్పుడూ పాట కూనిరాగం తీస్తూ నడిచేవాడు, అరగంటగా గొంతు లేదు. నీళ్ల సీసా మూత తీయడానికి ప్రయత్నిస్తున్నాడు. మూత తిరగడం లేదు. వాడు వ్యతిరేక దిక్కులో తిప్పుతున్నాడు.

"టౌకో దుఖ్యో?"

"ఛైన, సాబ్."

నేను కర్రతో గీత గీశాను. మూడో అడుగులో వాడు తూలాడు. పడకుండా పట్టుకున్నాను. వాడి కళ్లలో నీళ్లు. నొప్పికి కాదని నాకు తెలుసు. ఎదురుగా రిడ్జ్ కనబడుతోంది, ఆ రోజులాగే, ఇంకో గంట.

వెనక్కి తిరిగాం. వాడి ప్యాక్ నేను వేసుకున్నాను. పోస్టుకి రాగానే ఆక్సిజన్ పెట్టించి, ఇద్దర్ని తోడిచ్చి కిందికి దింపించాను. సెట్‌లో కంపెనీ కమాండర్. టాస్క్ పూర్తి కాకుండా ప్యాట్రోల్ ఎవరు తిప్పారని అడిగారు.

"నేనే సార్."

అవతల కాసేపు గరగర. "సరే. మళ్లీ ఎప్పుడు వెళ్తావో చెప్పు" అన్నారు.

ఆ సాయంత్రం పోస్టులో బీఎస్ఎన్ఎల్ శాటిలైట్ ఫోన్ దగ్గర నా వంతు వచ్చింది. లైన్లో మాట చేరడానికి ఒక క్షణం పడుతుంది, అందుకని ఇద్దరం ఒకరి మీద ఒకరు మాట్లాడేస్తాం. నాన్న ఎప్పటిలాగే అడిగాడు.

"ఇప్పుడు నీ కింద ఎంతమందిరా?"

"పంతొమ్మిది మంది నాన్నా. ఇయ్యాల పద్దెనిమిది. ఒకడికి ఒంట్లో బాలేక కిందికి పంపాను. సెట్‌లో కనుక్కున్నాను, లేచి టీ తాగాడంట."

అవతల ఆ క్షణం కంటే ఎక్కువే నిశ్శబ్దం.

"పాపం, కుర్రోడా? ఏ ఊరు ఆడిది?"

"నేపాల్‌లో పాల్పా జిల్లా నాన్నా. బస్సు దిగాక ఒక రోజు నడవాలి. మధ్యలో రెండు వాగులున్నాయి. తల్లి ఒక్కతే ఉంటాది."